పిస్టల్ చిన్నదైతే చాలు అన్నట్టు రాశారు

ఎడిటర్ గారికి నమస్కారం,

కన్సీల్డ్ క్యారీ (బట్టల కింద దాచుకుని తిరిగే) పిస్టళ్ల మీద మీరు వేసిన వ్యాసం చదివానండి. సిగ్ సావర్ పీ365 గురించి ఇచ్చిన నంబర్లు కరెక్టే, బ్యారెల్ (గొట్టం) 3.1 అంగుళాలు, మందం అంగుళం, తూటాలు లేకుండా బరువు సుమారు అర కిలో, అంతా బానే ఉంది గానీ చదవడం అయ్యాక ఎంత చిన్నదైతే అంత మంచిది అనే మాటొక్కటే మిగిలింది, నా పేచీ అక్కడే.

ముందు ఒకటి. 2018లో అది వచ్చినప్పుడు జనం నోరెళ్లబెట్టింది ఒట్టి సైజు చూసి కాదు, ఆ సైజులో 10 రౌండ్లు (తూటాలు) పట్టించినందుకు. 2015లో వచ్చిన గ్లాక్ 43 కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, కానీ దాని మేగజైన్‌లో (తూటాలు నింపే డబ్బాలో) 6 రౌండ్లే, ఎందుకంటే అందులో తూటాలు ఒకదాని మీద ఒకటి ఒకే వరసలో ఉంటాయి. పెద్ద పిస్టళ్లలో రెండు వరసలు. పీ365లో ఈ రెండిటికీ మధ్యలో ఒకటిన్నర వరస అన్నట్టు సర్దారు, అసలు తెలివంతా ఆ మేగజైన్‌లోనే ఉంది, మీరేమో దాని మీద ఒక్క లైను రాసి వదిలేశారు.

ఈ చిన్న పిస్టళ్ల గిరాకీకి చట్టం కూడా ఒక కారణమే. 1994లో అమెరికాలో 10 రౌండ్లకి మించి పట్టే కొత్త మేగజైన్లు మామూలు జనానికి అమ్మకూడదని ఫెడరల్ చట్టం వచ్చింది, 2004లో దాని గడువు అయిపోయింది. ఎలాగూ పదే అన్నప్పుడు అంత పెద్ద పిస్టల్ మోయడం దేనికి అనుకున్నారు చాలామంది, 10 రౌండ్ల గ్లాక్ 26 ఆ రోజుల్లోదే.

ఇక బరువు సంగతి. తేలిక అని తెగ మెచ్చుకున్నారు కదా, తూటా మాత్రం అదే 9 ఎంఎం, దాని బలం పెద్దగా తగ్గదు, పిస్టల్ బరువు తగ్గేకొద్దీ ఆ దెబ్బంతా చేతికే వస్తుంది, లారీలో తెలియని గతుకు స్కూటర్ మీద నడుముకి తెలిసినట్టు. పైగా గ్రిప్ (పిడి) పొట్టిది కాబట్టి చాలామందికి చిటికెన వేలు పట్టుకోడానికి చోటే ఉండదు. గురి చూసుకోడానికి ముందూ వెనకా ఉండే సైట్ల మధ్య దూరం తగ్గితే గురిలో చిన్న తేడాని కన్ను పట్టుకోలేదు. ఇవన్నీ వదిలేసి "వయసైనవాళ్లకి బాగా సరిపోతుంది" అని ఎలా రాశారో మరి! పొట్టి స్లైడ్‌కి (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగానికి) గట్టి స్ప్రింగ్ పెట్టాల్సి వస్తుంది, చేతిలో పట్టు తగ్గినవాళ్లకి ఆ స్లైడ్ వెనక్కి లాగడమే పెద్ద కష్టం. అందుకే కదా స్మిత్ అండ్ వెసన్ వాళ్లు 2018లో 9 ఎంఎం కన్నా బలం తక్కువున్న .380 తూటాతో, తేలిగ్గా లాగే స్లైడ్‌తో షీల్డ్ ఈజెడ్ అని వేరే మోడల్ తెచ్చింది.

బ్యారెల్ పొట్టిదైతేనే బాగా దాగుతుందన్నారు, అదీ పూర్తిగా నిజం కాదు. నడుం దగ్గర పెట్టుకుంటే బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, వంగినప్పుడు చొక్కాలోంచి పొడుచుకొచ్చి పట్టించేది గ్రిప్పే. గ్లాక్ 43ఎక్స్, గ్లాక్ 48 రెండిటికీ ఒకటే గ్రిప్, 48కి బ్యారెలే పొడవు, అయినా దాచడంలో పెద్ద తేడా ఉండదు, గురికి మాత్రం లాభమే.

గ్లాక్‌కి "సేఫ్టీ లేదు" అని, అంటే పొరపాటున పేలకుండా ఆపేది లేదని కూడా రాశారు. బయట వేలితో తిప్పే మీట లేదు, అంతే. ట్రిగ్గర్ మీద ఒకటి, ఫైరింగ్ పిన్‌ని ఆపేది ఒకటి, కిందపడితే పేలకుండా ఇంకోటి, లోపల మూడున్నాయి. కాకపోతే ట్రిగ్గర్‌కి ఏదైనా తగులుకుని నొక్కుకుంటే ఆ మూడూ వదిలేస్తాయి, కాబట్టి ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (ఒర) లేకుండా జేబులోనో బ్యాగులోనో పడేసుకుంటే ప్రాణాల మీదకే వస్తుంది, ఈ హెచ్చరిక వ్యాసంలో ఎక్కడా కనపడలేదు. కిందపడితే సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు, సిగ్ వాళ్లదే పీ320 ఒక కోణంలో పడితే పేలొచ్చని బయటపడి 2017లో కంపెనీ ఫ్రీగా భాగాలు మార్చి ఇవ్వాల్సొచ్చింది.

ఈసారి ఇలాంటి టేబుల్ వేస్తే ఖాళీ బరువు పక్కన తూటాలు నింపాక బరువు, ట్రిగ్గర్ లాగడానికి ఎంత బలం కావాలో కూడా వేయండి. పీ365లో 11 రౌండ్లు (మేగజైన్‌లో 10, బ్యారెల్‌లో ఒకటి) ఎక్కితేనే ఇంకో నూట ముప్పై గ్రాముల దాకా పెరుగుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు