రెండు నింటెండో స్విచ్‌లకు ఒకే గేమ్ రెండుసార్లు కొనకండి

అందరికీ నమస్తే. నిన్న కోటిరెడ్డి సర్కిల్ దగ్గర కలిసిన అక్క, ఇద్దరు పిల్లలకూ ఒకే గేమ్ విడివిడిగా కొన్నామని చెప్పింది. ప్రాణం ఉసూరుమంది, అందుకే రాస్తున్నా.

2025 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్‌లో డిజిటల్ గేమ్‌లు (డౌన్‌లోడ్ చేసుకునేవి) వర్చువల్ గేమ్ కార్డులయ్యాయి, అంటే చేతికి దొరకని, స్క్రీన్ మీది కార్డులన్నమాట. ఒకే నింటెండో అకౌంట్ రెండు స్విచ్‌లలోనూ పెట్టుకుంటే, కార్డును ఒకదాంట్లోంచి తీసి రెండోదాంట్లో వేసుకోవచ్చు. మొదటిసారి కలిపేటప్పుడు మాత్రం రెండూ దగ్గర్లోనే ఉండాలి. మేము మంచం మీద పక్కపక్కన పెట్టి కలిపాం. చిన్నోడి స్క్రీన్ మీద గేమ్ బొమ్మ రాగానే ఇల్లంతా కేకలు!

ఒక కార్డు ఒకసారి ఒకదాంట్లోనే ఉంటుంది. ఇంకోటి, ఆడినంతవరకు సేవ్ అయింది కార్డుతో పాటు రాదు, ఆ మెషీన్‌లోనే ఉండిపోతుంది. ఇది ముందే చెప్పనందుకు మా పెద్దోడు ఏడ్చేశాడు, పాపం. మీ పిల్లలకు ముందే చెప్పండి.

నింటెండో ఫ్యామిలీ గ్రూప్‌లో (ఇంట్లోవాళ్ల అకౌంట్లు కలిపి పెట్టుకునేది) ఉన్నవాళ్లకు 14 రోజులు అప్పుగా కూడా ఇవ్వచ్చు, గడువు అయ్యాక అదే వెనక్కి వస్తుంది. ప్రొద్దుటూరు నుంచి మా అక్క కొడుకు వచ్చినప్పుడు అలాగే ఇచ్చి పంపాం.

ఆదివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను. రెండు స్విచ్‌లూ చార్జింగ్ పెట్టుకుని, పాస్‌వర్డ్ గుర్తుంచుకుని రండి, కూర్చుని చేసేద్దాం.