మందు కలిపితే కొర్రమీను ఎట్టా బతికింది?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా ఊరి చెరువులో చేపలు చచ్చిపోయిన వార్త మీరు వేసి తొమ్మిది రోజులైంది. ఆరోజే రాద్దామనుకున్నా గానీ చచ్చిన చేపలు ఏరి పూడ్చేదానికే నాలుగు రోజులు పట్టింది, ఇంకా ఆ కంపు పోలేదు. "గుర్తు తెలియని వ్యక్తులు మందు కలిపినట్టు అనుమానం" అని వేశారు, కింద ఒక ఆఫీసరు గారి మాట కూడా వేశారు. ఆయన కారు కట్ట మీద ఆపి, నీళ్ళ దాకా దిగకుండానే చూసి పొయ్యాడు. ఇప్పుడు ఊర్లో ఆ పేపరు ముక్క పట్టుకొని, లీజు పాట దక్కనోళ్ళే చేసుంటారని కొందరు, కాదు పక్క తోటోళ్ళని ఇంకొందరు. మందు ఎవరూ కలపలేదండీ.

ఆరోజు తెల్లారుజామున నాలుగున్నరకి మా నాయన, నేను తెప్ప మీద ఉండాం, రాత్రి కట్టిన వల తీద్దామని. టార్చి వేస్తే నీళ్ళ మీదంతా బొచ్చెలు, నోళ్ళు పైకి పెట్టి గుటకలు మింగతా ఉండాయి. తెప్ప పక్కకి పోయినా బెదరడం లేదు. నేను వంగి చేత్తో ఎత్తితే నాలుగు కిలోల చేప పసిబిడ్డ మాదిరి వచ్చేసింది, మొప్పలు మాత్రం గబగబా కొట్టుకుంటా ఉండాయి. "గాలి ఆడట్లేదు రా వీటికి" అన్నాడు మా నాయన. పొద్దెక్కేసరికి తెల్లగా తేలినాయి. తేలినవన్నీ నిరుడు వదిలిన పెద్దవే, బొచ్చె, శీలావతి. చిన్నచేపలు గట్టు అంచున తిరగతానే ఉండాయి, కప్పలు అరస్తానే ఉండాయి, మా వలలో పడిన రెండు కొర్రమీన్లు బకెట్లోంచి ఎగిరి దూకినాయి. మందు కలిపితే ఇవన్నీ ఎట్టా బతికినాయి? కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, బొచ్చెకి అది చేతకాదు, అందులోనూ ఆక్సిజన్ తగ్గితే ముందు పొయ్యేది పెద్ద చేపే.

ఎడగారు (ఎండాకాలం పంట)కని తూము ఎత్తి చెరువుని నడుం లోతుకి తెచ్చారు. మే నెల ఎండకి ఆ కాస్త నీళ్ళు కాగినాయి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలయితే ఏడున్నర. దానికితోడు పచ్చనాచు. పగలు ఎండుంటే ఆ నాచే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదీ తీసుకుంటుంది, అందుకే తెల్లవారుజామునే చేపకి గండం. మూడు రోజులు వరసగా మబ్బు పట్టింది, మూడో రోజు సాయంత్రం గాలివాన వచ్చి ఆక్సిజన్ లేని అడుగు బురదనీళ్ళు పైకి తిరగబడినాయి. ఆక్సిజన్ 3 మిల్లీగ్రాముల కిందికి పోతే ఈ చేపలు అల్లాడతాయి, ఇంకా తగ్గితే చస్తాయి. శాంపిల్ తీయండి సార్ అని ఆరోజే అడిగాం, ఒక్క సీసా నీళ్ళు కూడా ఎవరూ పట్టుకుపోలేదు.

రైతుకి నీళ్ళు ఇవ్వొద్దని మేం అనడంలేదు, మాకూ అరెకరం ఆ తూము కిందే ఉంది. ఒక వారం ముందు చెప్పమంటా ఉండాం. చెప్పుంటే పెద్దచేప పట్టి అమ్ముకునేవాళ్ళం. తూము ఎత్తేది ఒక ఆఫీసు, చేపపిల్లలు వదిలేది ఇంకో ఆఫీసు, ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి పట్టదు, లీజు డబ్బు కట్టేటప్పుడు మాత్రం ఒక్కరోజు ఆలస్యమైనా ఊరుకోరు. మన జిల్లాలో చెరువులు నిండేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఈ ఏడు పిల్లలు వదిలింది జనవరి ఆఖర్లో. మేలో నీళ్ళు అయిపోతే అవి ఎప్పటికి పెరగాల? వానలు కూడా ముందు మాదిరి లేవు, నెలంతా పడాల్సింది ఒక తుపానుకి నాలుగు రోజుల్లో పడి అలుగు పారి సగం చేప కిందికి పోతా ఉంది, అలుగుకి జాలీ పెట్టండని మూడేళ్ళ నుంచి అర్జీలు ఇస్తానే ఉండాం.

సముద్రంలో వేట ఆపే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అక్కడోళ్ళకి 20,000 రూపాయలు ఇస్తా ఉండారు, ఇవ్వాల్సిందే, వాళ్ళూ మావాళ్ళే. చెరువు ఎండి వల గూటికి కట్టుకున్న మాకు ఏముంది? కంభం చెరువుకి 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమని గుర్తింపు వచ్చిందని అందరం గర్వపడ్డాం, అంతటి చెరువు ఉన్న అప్పటి ప్రకాశం జిల్లాలోనే 2022లో గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబర్లో ఇంకో గేటు పోయింది. నీళ్ళు పోతే పంట లెక్క రాస్తారు, ఆ నీళ్ళల్లో చేప పట్టి బతికేవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

ఇప్పటికైనా మిగిలిన మడుగులో నీళ్ళు టెస్టు చేయించమని అడుగుతా ఉండాం. మీరు కూడా మందు వార్త ఏ పేజీలో వేశారో ఆ పేజీలోనే ఈ ఉత్తరం వేయండి. పక్క తోటాయన మా నాయనకి ముప్పై ఏళ్ళ స్నేహితుడు, తొమ్మిది రోజులుగా మా గడప తొక్కలేదు.

- ఒక బెస్త కుటుంబం నుంచి,
ఆత్మకూరు దగ్గర, నెల్లూరు జిల్లా