ఖరీదైన కత్తి గురించి, అమ్మేవాళ్లుగా మా మాట

మా కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి మా దగ్గర పై ధరల కత్తుల స్టాకు సగానికి తగ్గుతుంది. అమ్ముడుపోక కాదు, బాగానే పోతున్నాయి. మాకు ఎక్కువ మిగిలేది కూడా వాటి మీదే. అలాంటిది ఒక్కటి అమ్మితే వచ్చే లాభం రావాలంటే చౌక రకం ఓ పది అమ్మాలి. అయినా ఎందుకు తగ్గిస్తున్నామో మీకు చెప్పాలి.

ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "పది రెట్లు డబ్బు పెడితే పది రెట్లు బాగా కోస్తుందాండీ?" కోయదు. రెండు రెట్లు కోసినా గొప్పే. కొన్ని కత్తులైతే చౌకవాటికంటే నాసిగా కోస్తాయి.

మేం చెబుతున్నది ఫ్యాక్టరీలో ఒకే డిజైన్ మీద బ్యాచ్‌లుగా తయారయ్యే కత్తుల గురించి, ముఖ్యంగా జేబులో పెట్టుకునే మడత కత్తుల గురించి. ఒక్క మనిషి మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చేసే కత్తి లెక్క వేరు.

ముందు స్టీలు సంగతి. ఖరీదైన కత్తుల బ్లేడ్లు చాలావరకు పౌడర్ స్టీలుతో చేసినవి. మామూలు పద్ధతిలో కరిగిన స్టీలును దిమ్మెగా పోస్తే అది నిదానంగా చల్లారుతుంది. ఆ లోపు అందులోని కార్బైడ్లు, అంటే అరుగుదలను తట్టుకునే గట్టి రేణువులు, పెద్దవిగా పెరిగి గుంపులు కడతాయి. పౌడర్ పద్ధతిలో కరిగిన లోహాన్ని గ్యాస్‌తో చిమ్మి సన్నని తుంపరలుగా చేస్తారు. అవి క్షణాల్లో గట్టిపడి పొడి అవుతాయి. ఆ పొడిని వేడి మీద విపరీతమైన ఒత్తిడితో దిమ్మెగా కలుపుతారు. కార్బైడ్లు చిన్నవిగా, సమానంగా ఉంటాయి. 2001లో క్రూసిబుల్ అనే అమెరికా స్టీలు కంపెనీ, కత్తుల తయారీదారు క్రిస్ రీవ్ సలహాలతో తెచ్చిన ఎస్30వి అనే స్టీలు ఈ కోవదే. అందులో వనేడియం అనే లోహం దాదాపు 4 శాతం.

అంచు చాలాకాలం నిలవడానికి ఆ వనేడియమే కారణం, ధర పెరగడానికీ అదే కారణం. వనేడియం కార్బైడ్ మామూలు సాన రాళ్లలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టిది. ఫ్యాక్టరీలో సానపట్టే బెల్టులు త్వరగా అరుగుతాయి, ఒక్కో బ్లేడుకు ఎక్కువసేపు పడుతుంది. ఆ ఖర్చు నిజమైనదే, మేం కాదనం. కానీ ఇంట్లో అదే మీకు తలనొప్పి. "మీ కత్తికి పదునే ఎక్కడం లేదు" అని వచ్చేవాళ్ల చేతిలో తరచూ కనిపించేది పాత రాయే. ఇలాంటి స్టీలుకు డైమండ్ ప్లేటు, అంటే వజ్రపు పొడి అద్దిన సాన పలక, కావాలి.

క్రూసిబుల్ 2024 చివర్లో దివాలా పిటిషన్ వేసినప్పుడు, ఇక ఆ స్టీలు దొరకదేమోనని కొందరు టెన్షన్ పడి ఒకటికి రెండు కొన్నారు. మీకు ఆ కంగారు వద్దు. ఆ పేరు చెప్పి ధర పెంచే ఉద్దేశం మాకు లేదు. మంచి స్టీళ్లు వేరేవీ ఉన్నాయి. 

అసలు చిక్కు బ్లేడు మీద చెక్కిన స్టీలు పేరుతోనే వస్తుంది. అదే పేరున్న స్టీలు రెండు ఫ్యాక్టరీల నుంచి వస్తే రెండూ ఒకలా ఉండవు. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో ఎంతసేపు ఉంచారు, ఎంత వేగంగా చల్లార్చారు, తర్వాత పెళుసుదనం తగ్గడానికి ఏ వేడి మీద మళ్లీ కాచారు (టెంపర్ చేశారు) అన్నదాన్ని బట్టి గట్టిదనం మారుతుంది. అంచు విరిగిందని కత్తులు తిరిగి వస్తాయన్న భయంతో కొన్ని కంపెనీలు కావాలనే కాస్త మెత్తగా వదిలేస్తాయి. అప్పుడు పేరు గొప్ప ఊరు దిబ్బ. మరోపక్క బక్ కంపెనీ 420హెచ్‌సి అనే మామూలు స్టీలునే దశాబ్దాలుగా వాడుతోంది. పాల్ బాస్ అనే నిపుణుడి హీట్ ట్రీట్‌మెంట్‌తో, అంటే ఇలా కాచి చల్లార్చే పద్ధతితో, దాని గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలత మీద 58 దాకా తీసుకెళ్తారు. ఆ కత్తిని తిట్టినవాళ్లు మాకు పెద్దగా తగల్లేదు. మామూలు రాయి మీద కాసేపట్లో పదునెక్కుతుంది కూడా.

ఇక కోత. ఇక్కడే మా అభిప్రాయం మారింది. ఈ మధ్య స్టాకులో ఉన్న కత్తులన్నీ టేబుల్ మీద పెట్టి, అంచుకు సరిగ్గా పైన, అంటే సానపట్టిన ఏటవాలు మొదలయ్యే చోట, మందం కొలిచాం. టైటానియం పిడి ఉన్న ఒక ఖరీదైన మోడల్ 0.7 మిల్లీమీటర్లు వచ్చింది. పక్కనే ఉన్న చౌక చెక్క పిడి చాకు 0.3 కూడా రాలేదు. రెండింటితోనూ రెండు పొరల అట్టపెట్టె కోసి చూశాం. చెక్క పిడిది చప్పుడు లేకుండా చివరిదాకా జారిపోయింది. టైటానియందానికి పదును తక్కువేమీ కాదు, కాగితం మీద వెంట్రుకంత ముక్క తీస్తుంది. కానీ అట్టలోకి సగం దిగాక బిగుసుకుపోయింది. అక్కణ్నుంచి కిర్రుమంటూ అట్టను కోయడం మాని చీల్చడం మొదలుపెట్టింది. పొడవునా మధ్య పొర నలిగి పీచులు లేచాయి.

అంచు వెనక మందం ఉంటే అది చీలికలో కొట్టిన మేకులా పని చేస్తుంది. ఎంత మంచి స్టీలైనా దాన్ని దాటలేదు. కంపెనీలు మందంగా ఎందుకు ఉంచుతాయంటే, కత్తితో డబ్బా మూతలు తెరిచేవాళ్లు, మేకులు పీకేవాళ్లు ఉంటారు. వాళ్ల చేతిలో విరిగితే వారంటీ భారం కంపెనీ మీద పడుతుంది. ఫ్రాన్స్‌లోని సవోయిలో 1890లో పుట్టిన ఒపినెల్ ఇప్పటికీ సన్నని బ్లేడుతో, చెక్క పిడితో, చౌకగానే వస్తోంది. తెరిచిన బ్లేడు చేతి మీదకు మూసుకోకుండా ఆపే లాకు దానికి 1955లో చేర్చిన తిరిగే రింగే. కోత విషయంలో దాన్ని చూసి సిగ్గుపడాల్సిన ఖరీదైన కత్తులు మా అరలో చాలానే ఉన్నాయి.

మరి ఆ డబ్బుకు ఏమీ రాదా అంటే, వస్తుంది. టైటానియాన్ని మెషీన్ మీద కోయడం కష్టం. వేడిని త్వరగా వదలదు, టూల్స్‌ను తినేస్తుంది. మంచి కంపెనీ కత్తిలో బ్లేడు ఊగదు, మూసినప్పుడు సరిగ్గా మధ్యలో నిలుస్తుంది, ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుంది. టైటానియం లాకు మెత్తది, గట్టి స్టీలుకు రాసుకుని అంటుకుపోవడం మామూలే. దాన్ని తప్పించడానికి క్రిస్ రీవ్ కంపెనీ సెబెంజా 31 అనే మడత కత్తిలో లాకు దగ్గర చిన్న సిరామిక్ గోళీ పెట్టారు. ఆ కత్తిని మీరే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించుకోవచ్చు. ఈ పనితనానికి డబ్బు పెట్టడం దండగ అని మేం అనం. అది చేతికి తెలుస్తుంది, అట్టపెట్టెకు తెలియదు.

కానీ ఆ తేడా కూడా కరిగిపోతోంది. బెంచ్‌మేడ్ అనే కత్తుల కంపెనీ 1998లో తెచ్చిన యాక్సిస్ లాకు పేటెంటు గడువు తీరాక, అదే తరహా అడ్డకడ్డీ లాకులు చాలా కంపెనీలు తక్కువ ధరకే ఇస్తున్నాయి. వాటిలో కొన్ని నిజంగా బాగున్నాయి. ఇక పిడి రంగు మార్చి, కొన్నే చేశామంటూ ధర పెంచే బ్యాచ్‌ల సంగతి సరేసరి. సేకరించే అలవాటున్నవాళ్లకు అవి ముద్దు, మిగతావాళ్లకు అక్కర్లేదు.

అందుకే మా లెక్క ఇది. రోజంతా అట్టపెట్టెలు, తాళ్లు కోసేవాళ్లు, పని మధ్యలో సానపట్టే తీరిక లేనివాళ్లు, కత్తి ఎప్పుడూ తడిలో ఉండేవాళ్లు మంచి పౌడర్ స్టీలుకు డబ్బు పెట్టొచ్చు, కాకపోతే బ్లేడు సన్ననిది ఎంచుకోవాలి. వారానికి రెండు పార్సిళ్లు విప్పేవాళ్లకు మధ్య ధర కత్తి, ఒక రాయి చాలు, డబ్బు మిగులుతుంది. చూడగానే నచ్చి కొనుక్కునేవాళ్లను మేం ఆపం. ఇష్టానికి లెక్కలు చెప్పడం మా పని కాదు. బాగా కోస్తుందని మాత్రం అబద్ధం చెప్పి అంటగట్టం.

ఇకపై మా దగ్గర ప్రతి కత్తి ట్యాగు మీద స్టీలు పేరుతో పాటు అంచు వెనక మందం కూడా రాసి ఉంటుంది. పౌడర్ స్టీలు కత్తి తీసుకున్నవాళ్లకు డైమండ్ ప్లేటు మాకు పడిన ధరకే ఇస్తాం. ఇప్పటికే కొన్న మందపాటి బ్లేడును పలచన చేయమంటే చేస్తాం, కానీ అలా చేస్తే కొన్ని కంపెనీల వారంటీ పోతుంది. అది ముందే ఆలోచించుకుని రండి.

పై ధరల మోడళ్లకు అడ్వాన్సు కట్టినవాళ్లు వద్దనుకుంటే ఈ నెలాఖరులోగా ఒక మెసేజ్ పెట్టండి, డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాం. కావాలనుకునేవాళ్లకు వచ్చిన కత్తినే కొలిచి ఫొటో పంపుతాం. అది చూసి మీరు సరే అన్నాకే ప్యాక్ చేస్తాం.