కెమెరాతో యుద్ధానికి వెళ్లినవాళ్ల గురించీ చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మా మనవరాలిని విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ-142 దగ్గరికి తీసుకెళ్లాను. ఆరో తరగతి పిల్ల. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు ఉన్నాయి కదా, ఆ రెక్కలన్నీ వేలు చూపిస్తూ లెక్కపెట్టి "ముప్పై రెండు" అంది. తర్వాత, "తాతయ్యా, ఇది ఎన్ని విమానాల్ని కూల్చింది?" అని అడిగింది. ఒక్కటీ కూల్చలేదమ్మా, సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ శత్రువుల ఓడలు, జలాంతర్గాములు ఎక్కడున్నాయో వెతకడం దీని పని అన్నాను. "అంతేనా?" అంది.

ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

వైమానిక దళంలో జగ్ మోహన్ నాథ్ అనే పైలట్ ఉండేవారు. ఫొటోలు తీసే కాన్‌బెర్రా విమానం నడిపేవారు. అందులో తుపాకీ లేదు, బాంబు లేదు, కెమెరాలే. 1959 ఏప్రిల్ 10న అలాంటి కాన్‌బెర్రానే రావల్పిండి దగ్గర పాకిస్తాన్ కూల్చేసింది. అందులోని ఇద్దరూ పారాచూట్లతో దూకి పట్టుబడ్డారు. అది తెలిసి కూడా నాథ్ గారు అక్సాయ్ చిన్, టిబెట్ మీదుగా ఎగిరి, 1962 యుద్ధానికి ముందే చైనా సైన్యం ఫొటోలు తీసుకొచ్చారు. 1965లో పాకిస్తాన్ లోపలికి పట్టపగలే వెళ్లారు, ఫైటర్ తోడు ఒక్కటీ లేకుండా. ఫొటో సరిగ్గా రావాలంటే విమానం తిన్నగా, కుదుపు లేకుండా పోవాలి. కింద నుంచి కాలుస్తున్నా సరే. ఎంత గుండె నిబ్బరం కావాలండీ దానికి! వైమానిక దళంలో మహావీర చక్ర రెండుసార్లు అందుకున్న మొదటి మనిషి ఆయనే.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గర మునిగిన రాత్రి గురించి విశాఖ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే యుద్ధంలో, ఆ తర్వాత వారం తిరక్కుండానే, 1971 డిసెంబర్ 10న, పశ్చిమ తీరంలో గస్తీ తిరుగుతున్న మన నేవీ అలిజే విమానం మీదికి పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ వచ్చింది. ఇది నెమ్మదిగా పోయే ప్రొపెల్లర్ విమానం, అది ధ్వనికి రెట్టింపు వేగంతో పోయే జెట్. అలిజేలో ఉన్న అశోక్ రాయ్, సిరోహీ, విజయన్ తిరిగి రాలేదు.

నేను కోరేది పెద్ద ఖర్చయ్యే పని కాదు. టీయూ-142 దగ్గర పిల్లలకి కళ్లు అందే ఎత్తులో ఈ నలుగురి కథ తెలుగులో ఒక బోర్డు మీద రాయించాలి. నేవీ డే వారంలో స్కూళ్ల ప్రార్థనలో ఐదు నిమిషాలు వీళ్ల గురించి చెప్పించాలి. సంబంధిత అధికారులు ఈ డిసెంబర్ 4 లోపు ఆ బోర్డు పెట్టిస్తే, మా మనవరాలి క్లాసు పిల్లలందర్నీ నేనే దగ్గరుండి తీసుకెళ్తాను.

– ఒక రిటైర్డ్ టీచర్,
పెదవాల్తేరు, విశాఖపట్నం