ఫర్ సీళ్లన్నిటికీ ఒకే లెక్క వద్దు: కేంద్ర భూవిజ్ఞాన శాస్త్ర మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాస్త్ర మంత్రి గారికి,

నమస్కారం.

ఏటా అక్టోబరులో ఆస్ట్రేలియా టాస్మేనియాలోని హోబర్ట్‌లో అంటార్కిటికా సముద్ర జీవవనరుల పరిరక్షణ కమిషన్ సమావేశమవుతుంది. 1986 నుంచి మన దేశం అందులో సభ్యదేశం. అక్కడ అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అవుతుంది కాబట్టి మన మాటకు బరువుంది. ఆ మాటను అంటార్కిటికా దగ్గరున్న దక్షిణ షెట్లాండ్ దీవుల ఫర్ సీళ్ల (ఒంటినిండా బొచ్చుండే సముద్ర క్షీరదాలు) కోసం వాడమని అడగడానికే ఈ లేఖ.

బొచ్చు తోలు కోసం అంటార్కిటిక్ ఫర్ సీళ్లను ఎంత దారుణంగా చంపారో మీకు తెలిసే ఉంటుంది. 1822 నాటికే దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవి ఒక్కదానిలోనే 12 లక్షల తోళ్లు తీసి ఉంటారని నావికుడు జేమ్స్ వెడెల్ అంచనా వేశాడు. దక్షిణ షెట్లాండ్ దీవుల సంగతి 1819లో బయటపడింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అక్కడి సీళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. చివరికి ఆ జాతే పోయిందనుకున్న దశ వచ్చింది. ఎక్కడో తప్పించుకున్న కొన్నిటి నుంచి 20వ శతాబ్దంలో దక్షిణ జార్జియాలో మళ్లీ లక్షల్లోకి పెరిగాయి. అలా కోలుకున్నాయన్న నమ్మకంతోనే 2006లో ఎడిన్‌బరోలో జరిగిన అంటార్కిటిక్ ఒప్పంద సమావేశం ఫర్ సీళ్లను ప్రత్యేక రక్షణ జాబితా నుంచి తొలగించింది. ఆ నిర్ణయం చేసిన దేశాల్లో మనమూ ఉన్నాం.

ఆ లెక్కలో దాదాపు అన్నీ దక్షిణ జార్జియా సీళ్లే. మిగతా చోట్ల ఉన్నవి వాటి పక్కన కనిపించనంత తక్కువ. అవన్నీ దక్షిణ జార్జియా నుంచి వెళ్లి స్థిరపడ్డవే అయితే పెద్ద చింత ఉండేది కాదు, ఇవాళ పోయినా రేపు మళ్లీ వస్తాయనుకోవచ్చు. కానీ జన్యు పరీక్షలు వేరే కథ చెప్పాయి. దక్షిణ షెట్లాండ్ సీళ్లు జన్యుపరంగా విడిగా నిలబడే సమూహం. వేటగాళ్ల చేతికి చిక్కకుండా అక్కడే ఎక్కడో మిగిలిన సీళ్ల వారసత్వం వాటిలో ఉంది.

సముద్రంలో వందల కిలోమీటర్లు ఈదే జంతువుల్లో ఇలాంటి వేర్పాటు ఎలా నిలిచిందని అనిపించవచ్చు. దానికి కారణం ఆడ సీళ్ల అలవాటు. ఎంత దూరం తిరిగినా, పిల్లను కనడానికి అవి తాము పుట్టిన తీరానికే, చాలాసార్లు పుట్టిన చోటుకు కొన్ని మీటర్ల దూరంలోకే వస్తాయి. పైగా కాన్పుల తీరాల్లో కొద్ది మగవే ఎక్కువ పిల్లలకు తండ్రులవుతాయి. అందుకే వెయ్యి సీళ్లు కనిపించే తీరంలో వెయ్యి సీళ్లకు తగిన జన్యు వైవిధ్యం ఉండదు. తలలు లెక్కపెడితే ఈ సంగతి తెలియదు.

వైవిధ్యం తగ్గితే ఏమవుతుందో దక్షిణ జార్జియా పక్కనున్న బర్డ్ ఐలాండ్‌లో దశాబ్దాలుగా చూస్తున్నారు. అక్కడి ఆడ సీళ్ల వివరాలు 1980ల తొలినాళ్ల నుంచి నమోదవుతున్నాయి. వాతావరణం మారి క్రిల్ (రొయ్యల్లాంటి చిన్న సముద్ర జీవులు) దొరకడం కష్టమయ్యేకొద్దీ, తల్లి నుంచీ తండ్రి నుంచీ వేర్వేరు జన్యు రూపాలు అందుకున్న ఆడ సీళ్లే ఎక్కువగా బతికి పిల్లల్ని కంటున్నాయని 2014లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. వినడానికి ఇది మంచి వార్తలా ఉంటుంది. అయితే ఆ మేలు తల్లి నుంచి పిల్లకు నేరుగా అందేది కాదు. ప్రతి పిల్లకూ అది కొత్తగా కుదరాలి. అంటే బలహీనమైనవి రాలిపోతున్నా తర్వాతి తరం బలపడడం లేదు, సంఖ్య మాత్రం తగ్గుతోంది. ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే.

పెద్ద సమూహానికే ఈ గతి పడితే దక్షిణ షెట్లాండ్ పరిస్థితి ఊహించండి. లివింగ్‌స్టన్ దీవిలోని కేప్ షిరెఫ్‌లో పుట్టే పిల్లల సంఖ్య 2007 తర్వాత ఘోరంగా పడిపోయింది. లెపర్డ్ సీళ్లనే మరో జాతి వేటాడే సీళ్లు ఈ పిల్లల్ని తినేయడం ఇందుకు పెద్ద కారణం. దాన్ని మనం ఆపలేం, ఆపకూడదు కూడా. మరోవైపు బర్డ్ ఫ్లూ 2023లో దక్షిణ జార్జియా చేరింది, అక్కడి ఫర్ సీళ్లలోనూ కనిపించింది. వైవిధ్యం తక్కువైన చిన్న సమూహానికి అలాంటి జబ్బు సోకితే తట్టుకునే అవకాశాలు తక్కువ.

మన చేతిలో ఉన్నది క్రిల్ వేటను అదుపు చేయడం. ఈ సీళ్లు బతికేది ప్రధానంగా క్రిల్ మీదే. నైరుతి అట్లాంటిక్ వైపు ఈ వేటకు ఆ కమిషన్ పెట్టిన ఏటా 6,20,000 టన్నుల పరిమితి ఉంది. వేట అంతా ఒకేచోట పడకుండా దాన్ని ప్రాంతాలవారీగా పంచిన నిబంధన ఉండేది. దాని ప్రకారం దక్షిణ షెట్లాండ్ దీవులున్న, కమిషన్ 48.1 అని నంబరిచ్చిన ప్రాంతంలో 1,55,000 టన్నులు దాటకూడదు. 2024లో ఆ నిబంధన గడువు తీరింది, పొడిగింపుపై ఏకాభిప్రాయం రాలేదు. 2025లో మొత్తం పరిమితి మొదటిసారి నిండిపోయి, సీజన్ పూర్తవకముందే వేట ఆపాల్సి వచ్చింది. మొత్తం టన్నులు మాత్రమే చూసేవారికి ఇందులో తప్పేమీ కనబడకపోవచ్చు. పిల్లకు పాలిచ్చే తల్లి సీలుకు మాత్రం తన తీరానికి అందే దూరంలో ఉన్న క్రిల్ మాత్రమే ఆహారం.

అందుకే మిమ్మల్ని కోరేది ఇది. ప్రాంతాలవారీ పరిమితిని తిరిగి తెచ్చే ప్రతిపాదనను భారత్ ముందుండి బలపరచాలి. 48.1లో పరిమితి నిర్ణయించేటప్పుడు దక్షిణ షెట్లాండ్ సీళ్లను దక్షిణ జార్జియా లెక్కలో కలపకుండా విడి సమూహంగా చూడాలని పట్టుబట్టాలి. తూర్పు అంటార్కిటికా, వెడెల్ సముద్రాల్లో రక్షిత ప్రాంతాల ప్రతిపాదనకు 2021లో మన దేశం మద్దతు ప్రకటించింది కాబట్టి ఇది మన వైఖరికి కొత్తేమీ కాదు. వన్యప్రాణుల జన్యు పరీక్షల్లో అనుభవమున్న హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి సంస్థల శాస్త్రవేత్తలను ఈ పరిశోధనల్లో భాగస్వాములను చేస్తే మన వాదనకు ఆధారాలూ మన దగ్గరే ఉంటాయి.

హోబర్ట్‌కు వెళ్లే మన బృందం క్రిల్ విషయంలో ఏ వైఖరి తీసుకోబోతోందో సమావేశానికి ముందే ప్రజలకు తెలియజేయండి. పార్లమెంటులో ఒక ప్రకటన చేసినా చాలు.

ఇట్లు,
ఒక పౌరుడు