నొప్పి తగ్గిందంటే సరిపోదు, బిడ్డా

బిడ్డా,

బొక్కలు విరిగిన పేషెంట్లను ఫోన్లో, వీడియోలో రివ్యూ చేసే పని నీకు అప్పగించారని విని చాలా సంతోషమయింది. నీది డాక్టరు చదువు. నా ఉద్యోగమంతా హనుమకొండలో విరిగిన బొక్కలకు పిండికట్టు పట్టీలు వేసే గదిలోనే గడిచింది. డాక్టరుగారి ముందు తలూపి వచ్చిన మనిషి, పట్టీ వేసేటప్పుడు నాతో అసలు సంగతి చెప్పేవాడు. ఆ మాటలు నీకు పనికొస్తాయని రాస్తున్నా.

ముందుగా, ఈ పని చాలా అవసరమైనది. ఏటూరునాగారం నుంచి ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. కాలు విరిగిన మనిషిని బస్సెక్కించలేరు, కారు మాట్లాడాలి. ఇంట్లో ఒకరు కూలి పోగొట్టుకుని వెంట రావాలి. తీరా వచ్చాక డాక్టరు రెండు నిమిషాలు చూసి "బాగానే ఉంది, నెలకు రండి" అంటే వాళ్ల ముఖాలు చూడలేకపోయేవాణ్ని. తాడిచెట్టు మీది నుంచి పడి తొడ ఎముకకు రాడ్ వేయించుకున్న గీత కార్మికులైతే ఛార్జీలకు అప్పు చేసి వచ్చేవాళ్లు. ఇలాంటి రాకల్లో కొన్నయినా నువ్వు తప్పించగలిగితే ఆ ఇంటికి ఎంతో మేలు.

గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో 2011లోనే ఇది మొదలుపెట్టారని నువ్వే చెప్పావు. ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి, సరైన ఆధారం కట్టి పంపిస్తారు. తర్వాత ఎముకల డాక్టరు ఆ ఎక్స్‌రే చూసి, ఎవరు రావాలో ఎవరికి ఫోన్లో చెబితే చాలో తేలుస్తారు. చిటికెన వేలి వెనక పాదం ఎముకలో చిన్న పగులు, మోచేతి దగ్గర ఎముక పక్కకు జరగని పగులు, పిల్లల మణికట్టు ఎముక ఒకవైపు నొక్కుకుపోయిన బకిల్ ఫ్రాక్చర్ లాంటివాటికి మళ్లీ రావాల్సిన పనే ఉండదు. కానీ అక్కడ డాక్టరు చూసేది కంప్యూటర్‌లో అసలు ఎక్స్‌రే. మన దగ్గర ఫిల్మును కిటికీకి అడ్డంగా పట్టుకుని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. సగం వెలుతురు, సగం వేలు. ఎదురుగా తీసింది, పక్కనుంచి తీసింది రెండూ ఉన్నాయా, పేరు, తేదీ కనిపిస్తున్నాయా చూడు. లేకపోతే ఎక్స్‌రే సెంటర్ వాళ్లనే ఫైల్ పంపమను. బొమ్మ సరిగా లేనప్పుడు మొహమాటపడి "పర్వాలేదు" అనొద్దు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మంగపేట వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. వడ్లు ఆరబోస్తూ జారిపడితే మణికట్టు విరిగింది. వేరే ఒక దవాఖానలో లాగి సరిచేసి పట్టీ వేశారు. వారానికి ఫోన్ చేసి "నొప్పి ఉందా?" అని అడిగారట. "లేదు బిడ్డా, మంచిగనే ఉంది" అంది. ఆరు వారాలకు రమ్మన్నారు. నేను పట్టీ కోసేసరికి చెయ్యి వంకరగా అతుక్కుని ఉంది. ఆమె అబద్ధం చెప్పలేదు, నొప్పి నిజంగానే తగ్గింది. వాపు దిగితే పట్టీ వదులవుతుంది, ఆ వదులులో ఎముక మెల్లగా పక్కకు జరుగుతుంది. అది నొప్పి రూపంలో బయటపడకపోవచ్చు. మొదటి వారానికి ఒకసారి, రెండో వారానికి ఒకసారి ఎక్స్‌రే తీస్తే దొరికిపోయేది. అప్పుడైతే మళ్లీ సరిచేయొచ్చు, ఆలస్యమైతే ఆపరేషనే దిక్కు. అందుకే లాగి సరిచేసిన ఎముక ఉన్నవాళ్లకు ప్రయాణం తప్పించు, ఎక్స్‌రే మాత్రం తప్పించకు. ములుగులోనో భూపాలపల్లిలోనో తీయించి పంపమను.

"ఎట్లుంది?" అని అడిగితే మన పెద్దవాళ్ల దగ్గర వచ్చే జవాబు ఒక్కటే: "మంచిగుంది". నీ టైం వృథా చేయొద్దని వాళ్ల మర్యాద. కాబట్టి అడగడం కాదు, చేయించు. "అమ్మా, పిడికిలి బిగించు. వేళ్లన్నీ చాపు. బొటనవేలు చిటికెన వేలికి తాకించు. చెయ్యి తల మీద పెట్టు." మణికట్టు విరిగిన చాలామంది చెయ్యి జోలెలోంచి తీయరు. పట్టీ తీసేనాటికి భుజం బిగుసుకుపోతుంది. ఇదంతా వీడియోలో చక్కగా కనిపిస్తుంది. పట్టీ తీశాక చేయించే వ్యాయామాలకైతే దవాఖానకు రావడం కన్నా వీడియోనే నయమని నా అభిప్రాయం, రోజూ చూడొచ్చు కదా.

ఇంకొకటి. ఫోన్ చాలాసార్లు కొడుకు దగ్గర ఉంటుంది, కొడుకేమో చేనులో ఉంటాడు. అతను చెప్పింది రాసుకుని పెట్టేయకు. పేషెంట్ పక్కన ఉండేది ఎవరో కనుక్కో, కోడలో మనవరాలో, వాళ్లతో మాట్లాడు. సిగ్నల్ లేని ఊరైతే పల్లె దవాఖానకు వెళ్లి అక్కడి సిస్టరు పక్కన కూర్చుని మాట్లాడమను. సర్కారు వాళ్ల ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడే వీడియోలు అలాగే నడుస్తున్నాయి కదా. గోటిని నొక్కి వదిలితే రంగు తిరిగి వస్తోందో లేదో ఆమె చూసి చెబుతుంది.

కొందరు మధ్యలో పట్టీ విప్పించి పసరు కట్టు, వెదురు బద్దలు కట్టించుకుంటారు. ఫోన్లో చెప్పరు. కెమెరా చేతి మీదికి తిప్పమంటే తెలిసిపోతుంది. అప్పుడు మాత్రం కేకలేయకు. ఒకసారి తిడితే ఇక నీ ఫోన్ ఎత్తరు. ఆ కట్టు కింద వేళ్లు ఎలా ఉన్నాయో ముందు చూడు.

ఫోన్ పెట్టేసి వెంటనే రమ్మనాల్సినవి నీకు తెలుసు, అయినా రాస్తాను, ఎందుకంటే రాత్రి పది గంటలకు ఫోన్ ఎత్తేది నువ్వు కాకపోవచ్చు, ఎత్తినవాళ్లకు ఇది తెలియాలి. మాత్ర వేసినా నొప్పి పెరుగుతోంది, వేళ్లు చాపితే ఓర్చుకోలేకపోతున్నారు, తిమ్మిరి, వేళ్లు చల్లబడ్డాయి, పాలిపోయాయి, నీలంగా మారాయి. ఇందులో ఏ ఒక్కటున్నా పొద్దున చూద్దాం అనకూడదు. కొద్ది గంటల్లోనే లోపలి కండ చచ్చిపోతుంది. సగం పట్టీ (చుట్టూ కాకుండా ఒకవైపే పిండికట్టు పెట్టి గుడ్డ చుట్టినది) అయితే పైన చుట్టిన గుడ్డ, లోపలి దూది చర్మం దాకా కత్తిరించి, వెంటనే బయల్దేరమనాలి. మోచేతి పైన విరిగిన చిన్నపిల్లలను అసలు ఫోన్ లిస్టులో పెట్టనే వద్దు.

2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల్లో, ఫోన్ సరిపోదనిపిస్తే నేరుగా రమ్మనే నిర్ణయం డాక్టరుదేనని ఉందట. పైనుంచి ఇన్ని కాల్స్ పూర్తి చేయాలని ఎవరైనా ఒత్తిడి పెడితే ఆ మాట గుర్తుచెయ్యి.

పట్టీ వేసిన రోజే ఇంటికి తీసుకెళ్లడానికి ఒక కాగితం ఇప్పించు. పెద్ద అక్షరాలతో, మనవాళ్లు మాట్లాడే మాటల్లో ఉండాలి: ఎప్పుడు ఎక్స్‌రే, ఏమైతే వెంటనే రావాలి, ఏ నంబరుకు చేయాలి. నేను ఒకటి రాసి పెట్టాను. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చదివి వినిపిస్తా, తప్పులుంటే దిద్దు. అమ్మ నీకోసం సకినాలు పంపుతోంది, కరీంనగర్ బస్సులో వచ్చే మనిషి చేతికిస్తాం.

ఇట్లు
మీ బాపు