అమ్మకి, ఆ అబ్బాయి అడిగిన ఆర్ గురించి

కొలంబస్, ఒహాయో
శనివారం రాత్రి

అమ్మా,

ఎలా ఉన్నావు, నాన్న బీపీ మాత్ర టైముకి వేసుకుంటున్నారా. మేం బాగున్నాం, చలి తగ్గింది కానీ పొద్దున పూట ఇంకా స్వెట్టర్ లేకుండా బయటికి అడుగు పెట్టలేం. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా చెప్పలేకపోయా, పాప స్నానానికి టైమైందని పెట్టేశా, తర్వాత రాత్రంతా అదే బుర్రలో తిరుగుతా ఉంది. అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. నాన్నని వీధి చివర షాపులో ప్రింట్ తీయించమను, ఫోన్లో ఆ చిన్న అక్షరాలు చదువుతా కళ్ళు పాడుచేసుకోకు.

నీ ట్యూషన్లో ఐదో క్లాసు అబ్బాయి అడిగాడన్నావు కదా, హర్ లో ఈ ఆర్, బర్డ్ లో ఐ ఆర్, జంతువుల బొచ్చుకి చెప్పే ఫర్ లో యూ ఆర్, మూడూ ఒకేలా పలుకుతుంటే మూడు స్పెల్లింగులెందుకు మిస్ అని. "ఇంగ్లీషంటే అంతే నాన్నా, బట్టీ పట్టెయ్" అనేశానే అని నువ్వే బాధపడ్డావు. వాడు అడిగింది చాలా మంచి ప్రశ్న అమ్మా, దానికి జవాబు ఉంది కూడా, అదీ మన ఇంట్లోనే అటక మీద ఇనప్పెట్టెలో ఉంది.

తాతయ్య గూడూరు నుంచి రాసిన కార్డులు గుర్తున్నాయా, గుఱ్ఱము, ఎఱ్ఱ, కఱ్ఱ అని అన్నిట్లో బండి ర వేసి రాసేవారు. ఈ ర వేరేగా ఉందేంటి అని నేనడిగితే పాతకాలం ర లేమ్మా అన్నావు. ఒకప్పుడు ఆ రెండు రలూ నోట్లో వేరువేరుగా పలికేవాళ్ళు, తర్వాత పోనుపోను పలకడంలో కలిసిపోయాయి, చెవికి తేడా పోయినా చేతికి మాత్రం చాలా వందల ఏళ్ళు అలవాటు పోలేదు. ఇప్పటికీ ఎఱ్ఱన పేరు పుస్తకాల్లో బండి రతోనే వేస్తారు. తమిళం అయితే ఇంకా వదల్లేదు, చెన్నైలో మన పెరంబూర్ పిల్లలందరూ స్కూల్లో చిన్న ర, పెద్ద ర అని నేర్చుకుంటున్నారు కదా, ఒక రతో రాస్తే కరై అంటే ఒడ్డు, ఇంకో రతో రాస్తే మరక, మన వీధిలో ఆ రెండిటినీ వేరుగా పలికేవాళ్ళని నేనైతే వినలేదు కానీ పరీక్షలో తప్పు ర రాస్తే మార్కు పోతుంది.

ఇంగ్లీషులో జరిగిందీ ఇదే. ఫర్న్ మొక్కలో ఈ, ఫర్ చెట్టులో ఐ, బొచ్చు ఫర్ లో యూ, ఒకప్పుడు ఈ మూడూ రాసినట్టే ఎ, ఇ, ఉ అని వేరువేరుగా పలికేవి. తర్వాత ఆర్ ముందున్న ఆ మూడు అచ్చులూ కరిగి ఒకటే అయిపోయాయి. కానీ కాక్స్టన్ అనే ఆయన 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లిగా పుస్తకాల్లో గట్టిపడిపోతా వచ్చాయి, నోరు మారుతున్నా కాగితం మారలేదు. స్కాట్లాండ్‌లో ఈరోజుకీ వీటిని తేడాగా పలికే ముసలివాళ్ళు ఉన్నారు. కాబట్టి ఆ అబ్బాయికి చెప్పు, ఆ మూడు స్పెల్లింగులు వాడిని ఏడిపించడానికి ఎవరో పెట్టినవి కాదు, బండి ర లాగా ఒకప్పుడు నిజంగా వినిపించిన గొంతులవి అని. వాడికి తమిళ్ రెండు రలూ వచ్చు కాబట్టి చిటికెలో అర్థమైపోతుంది.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టుకుందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ ఫిజియోథెరపీలో చేరిన కొత్తల్లో ఒకావిడ మోకాలి ఆపరేషన్ అయ్యి వచ్చింది, డెబ్బై దాటిన మనిషి, చూస్తే నాకు అమ్మమ్మే గుర్తొచ్చేది. మంచం మీద పడుకోబెట్టి మడమ కింద ఒక చెయ్యి, మోకాలి కింద ఒక చెయ్యి పెట్టి మెల్లిగా మడుస్తూ "డస్ ఇట్ హర్ట్" అని అడిగా, మన హర్ట్, మనం చెన్నైలో అనే హర్ట్. ఆవిడ మొహం ఒక్కసారిగా తెల్లబోయింది. చెయ్యి గుండె మీద పెట్టుకుని "మై హార్ట్?" అంది. అంతకు ముందు ఏడాది ఆవిడకి గుండెకి స్టెంట్ వేశారట, నేనేదో మానిటర్ లో చూసి గుండె సంగతి చెప్తున్నానేమో అనుకుంది. కాదండీ మోకాలు నొప్పా అని అడిగానండీ అని సైగ చేసి చూపించేసరికి ఆవిడ చేతివేళ్ళు వణుకుతున్నాయి అమ్మా, నావీ వణికాయి. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. నా పనిలో నేను రోజుకి యాభై సార్లు అనే మాట అదొక్కటే కదా.

మనం హర్ట్ అన్నప్పుడు హ తర్వాత నోరు తెరిచి అ అంటాం, తర్వాత నాలుక చివర్ని పళ్ళ వెనక తాటించి ర్ అంటాం, రెండు పనులు. వాళ్ళ చెవికి ఆ తెరిచిన అ పక్కన ర్ వినగానే హార్ట్ అనిపిస్తుంది. వాళ్ళు ఆ మాటలో అ అనరు, ర్ కూడా మనలా అనరు, అచ్చూ ఆర్ కలిసిపోయిన ఒకటే శబ్దం అది, హ నుంచి నేరుగా ట కి పోయేదాకా నాలుక ఒకే చోట ఉంటుంది.

ఇది పాపని చూశాక బాగా తెలిసింది. ఫస్ట్ గ్రేడ్ మొదట్లో అది బర్డ్ అని రాయమంటే బి ఆర్ డి అని రాసేది, గర్ల్ అంటే జి ఆర్ ఎల్. నేను కంగారుపడి టీచర్ని అడిగితే ఇక్కడ చాలామంది పిల్లలు మొదట్లో ఇలాగే రాస్తారు, వాళ్ళ చెవికి అక్కడ వేరే అచ్చు వినపడదు, ఆరే అచ్చులా పనిచేస్తుంది అంది. నాకు వెంటనే మన అక్షరమాల గుర్తొచ్చింది. అచ్చుల్లో ఋ ఎందుకుందని చిన్నప్పుడు ఎప్పుడైనా ఆలోచించామా? సంస్కృతంలో ర అచ్చుగా నిలబడే శబ్దం అది, మనం ఇప్పుడు రు అనేస్తాం కానీ అసలు సంగతి అదే. పాప రాసిన బి ఆర్ డి తప్పు స్పెల్లింగే గానీ దాని చెవి చాలా పదునుగా ఉంది.

మరి ఆ శబ్దం నోట్లో ఎలా పెట్టాలి అంటే, మా చోట స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి నాకు చిన్న అద్దం ఇచ్చి నేర్పింది. నాలుక చివర ఎక్కడా తగలకూడదు, నాలుక పక్కలు మాత్రం పైన దవడ పళ్ళకి ఆనుకోవాలి, పెదాలు కాస్త ముందుకి గుండ్రంగా, అంతే, ఆ పొజిషన్లో గొంతు వదలాలి. వారం రోజులు అద్దం ముందు నిలబడ్డా రాలేదు. వచ్చింది ఎప్పుడో తెలుసా, కూరగాయలు సర్దుతూ మన అరటిపళ్ళాయన అరుపు గుర్తొచ్చి వాళైపళం అన్నా, స్కూల్లో తమిళ్ మిస్ నేర్పించిన పద్ధతిగా, మామూలు ళ కాకుండా ఆ ప్రత్యేకమైన ళ ఉంటుందే, సిరప్పు ళగరం అంటారు, అదిగో, అక్కడే ఆగిపోయా. నాలుక వెనక్కి మడిచి పైకి పోతుంది కానీ ఎక్కడా తాకదు. అమెరికా వాళ్ళ ఆర్ దాదాపు అదే! పళం అనబోయి ఆ ళ మీదే ఆపి సాగదీసి ముందు హ పెట్టి చివర ట పెట్టా, హర్ట్ అయిపోయింది. మర్నాడు ఆ అమ్మాయికి వినిపిస్తే చప్పట్లు కొట్టింది. మన పాత శాసనాల్లో కూడా ఈ అక్షరం ఉండేదట, తర్వాత మనకి డ అయిపోయింది, వాళ్ళ ఏళు మనకి ఏడు, వాళ్ళ కోళి మనకి కోడి. తెలుగులో పోగొట్టుకున్నది చెన్నైలో పెరిగినందుకు నాకు మళ్ళీ దొరికింది. నీ ట్యూషన్ పిల్లలందరికీ ఇది ఇప్పటికే నోట్లో ఉంది అమ్మా, వాళ్ళకి నువ్వు కొత్తగా నేర్పక్కర్లేదు, ఇదిగో ఇది అదే అని చూపిస్తే చాలు.

ఇక స్పెల్లింగు సంగతి. చెవిని బట్టి ఈ ఆర్ ఓ ఐ ఆర్ ఓ తేల్చుకోలేం కాబట్టి గుంపులుగా నేర్పు, పది మాటల లిస్టు ఇచ్చి ఇంపొజిషన్ రాయించొద్దు. పాపా నేనూ రాత్రి అన్నాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద చిన్న చీటీలు పరిచి ఆడతాం. మాట చివర వచ్చేది ఎక్కువగా ఈ ఆర్ అని ముందు నమ్మేయొచ్చు, సిస్టర్, వాటర్, టీచర్, పేపర్. డాక్టర్, యాక్టర్, టైలర్ కి ఓ ఆర్. డాలర్, కాలర్, షుగర్, గ్రామర్ కి ఏ ఆర్, ఇవి తక్కువే కాబట్టి వేరే చీటీలో గుర్తుపెట్టుకోవాలి. పాపకి బాగా నచ్చింది డబ్ల్యూ ఆట. డబ్ల్యూ పక్కన ఓ ఆర్ వస్తే అది ఎర్ లా పలుకుతుంది, వర్డ్, వర్క్, వరల్డ్, వర్స్ట్, పురుగుకి వర్మ్. డబ్ల్యూ పక్కన ఏ ఆర్ వస్తేనేమో అది ఓర్ అవుతుంది, యుద్ధం వోర్, వెచ్చన వోర్మ్, హాస్పిటల్ వోర్డ్. మనం వార్, వార్డు, వార్మ్ అని ఆ తో అంటాం కదా, ఇక్కడ ఆ నోరు గుండ్రమైపోతుంది. ఒక్క డబ్ల్యూ పక్కన ఉన్నందుకు ఓ వెళ్ళి ఎర్ అవుతుంది, ఏ వెళ్ళి ఓ అవుతుంది, ఇది ఒక్కటి పట్టుకుంటే పదిహేను మాటలు దారిలోకొస్తాయి. వోర్న్, వోర్ లాంటి ఒకటి రెండు మాటలు మాట వినవు, అరిగిపోయిన బట్టకి చెప్పే వోర్న్, వేసుకున్నా అని చెప్పే వోర్, వాటిని విడిగా చెప్పు.

కష్టం మాత్రం ఈ-ఏ-ఆర్. హియర్, నియర్, ఇయర్ ఒక ఇల్లు. ఎలుగుబంటి బేర్, పండు పేర్, వేసుకునే వేర్ ఒక ఇల్లు. ఎర్త్, ఎర్లీ, లెర్న్, సెర్చ్, పెర్ల్ ఒక ఇల్లు. హార్ట్ ఒంటరిది. అదే మూడక్షరాలు నాలుగు రకాలుగా పలుకుతాయి. పైగా హియర్ కి డి తగిలిస్తే హర్డ్ అయ్యి ఇంకో ఇంటికి వెళ్ళిపోతుంది, పాప దాన్ని పెళ్ళయి అత్తారింటికి వెళ్ళింది అంటుంది, ఆ మాట దానికి ఎవరు నేర్పారో తెలీదు, నువ్వే అయ్యుంటావు.

ఇంకోటి, ఎవరో తల్లి నీతో మీది ఇండియన్ ప్రొనన్సియేషన్ మేడం, మా వాడికి ఫారిన్ యాక్సెంట్ రావాలి అందన్నావు, నువ్వు నవ్వేశానన్నావు కానీ నీ గొంతులో తెలిసిపోయింది. 1962లో విలియం లబోవ్ అనే భాషా పరిశోధకుడు న్యూయార్క్ లో మూడు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లకి వెళ్ళాడు, ఒకటి బాగా ఖరీదైనది, ఒకటి మధ్యరకం, ఒకటి చౌక. నాలుగో అంతస్తులో ఏ సరుకు ఉందో ముందే చూసుకుని, అది ఎక్కడుందని అక్కడ పనిచేసేవాళ్ళని అడగడం, వాళ్ళు ఫోర్త్ ఫ్లోర్ అంటారు కదా, ఆ రెండు మాటల్లో ఆర్ పలికారా మింగేశారా అని పక్కకెళ్ళి రాసుకోవడం. మొత్తం 264 మందిని అడిగాడు. ఖరీదైన షాపులో ఆర్ ఎక్కువ వినపడింది, చౌక షాపులో బాగా తక్కువ. అదే సముద్రం దాటి లండన్ పోతే ఆర్ మింగేయడమే గొప్ప. ఏ ఊళ్ళో ఎవరు డబ్బున్నవాళ్ళో వాళ్ళ ఆర్ గొప్పదవుతుంది, అంతకు మించి అందులో ఏం లేదు. మనవాళ్ళు రాసిన ప్రతి ఆర్ నీ పలుకుతారు, అందుకే నీ పిల్లలు చూశాను అనే సా కీ నొప్పి అనే సోర్ కీ స్పెల్లింగ్ ఎప్పుడూ తారుమారు చెయ్యరు, లండన్ పిల్లలకి ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఆ తల్లికి ఇది చెప్పు. నువ్వు ముప్పై ఏళ్ళుగా చెప్పిన ఇంగ్లీషుతోనే నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నా అని కూడా చెప్పు.

పాప బొమ్మ కింద కలర్ అని రాస్తే వీడియో కాల్ లో నువ్వు యూ మిస్సయింది బంగారం అన్నావు, అది మొహం చిన్నబుచ్చుకుంది గుర్తుందా. ఇక్కడ వెబ్‌స్టర్ 1828లో వేసిన డిక్షనరీ నుంచీ కలర్, హానర్ లాంటివాటిలో ఆ యూ లేదు, సెంటర్ చివర ఈ ఆర్. నీ పిల్లలకి మాత్రం యూతోనే నేర్పు, వాళ్ళు రాసే పరీక్ష అక్కడిది. పాపకి రెండూ చెప్పా, అమ్మమ్మకి రాసేటప్పుడు యూ పెడతానంది, కింద దాని చేత్తోనే రాయించి స్కాన్ చేసి పెట్టా చూడు.

ఆ అబ్బాయిని వాళ్ళ తాతగారి పాత కాయితాల్లో బండి ర ఉందేమో వెతకమను, దొరికితే ఫోటో తీసి పంపు. నువ్వు ఒక పని చెయ్, పొద్దున అరటిపళ్ళాయన మన వీధిలోకి వచ్చినప్పుడు ఆయన్ని అడిగి ఆ అరుపు ఫోన్లో రికార్డ్ చేసి పెట్టు, పాపకి వినిపించాలి. ఆదివారం మీ సాయంత్రం ఏడింటికి కాల్ చేస్తా, నాన్నని కూడా కూర్చోబెట్టు.

నీ పెద్దది